బూట్ల సైజు, గుండె సైజు

దోహాలో కాపురం ఉంటున్న మన కుటుంబాల్లో చాలామందికి ఇండస్ట్రియల్ ఏరియా అంటే కారు బాగుచేయించుకునే చోటు. సల్వా రోడ్డు మీంచి దిగి, ట్రైలర్ల మధ్య ఇరుక్కుని, స్ట్రీటు నంబరు వెతుక్కుని, గరాజువాడితో బేరమాడి, పక్క మలయాళీ హోటల్లో ఒక కరక్ చాయ్ తాగి సాయంత్రానికి ఇల్లు చేరతాం. అక్కడే ఉండేవాళ్ళకి అది 'సనయ్య'. అరబ్బీ మాటని మనవాళ్ళు అలా నునుపు చేసుకున్నారు. వింటే మన ఊరి పెద్దమనిషి పేరులా ఉంటుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలు, శ్రీకాకుళం, అన్ని యాసలూ ఆ వీధుల్లో వినిపిస్తాయి.

ఆ సనయ్యకీ, ఈ నెల మేము రాయదలచుకున్న జబ్బుకీ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. జబ్బు పేరు ఆక్రోమెగలీ. గ్రీకులో 'ఆక్రోన్' అంటే కొస, 'మెగాస్' అంటే పెద్దది. మన మాటల్లో 'కొసల పెరుగుడు' అనుకోండి. వేళ్ళు, పాదాలు, ముక్కు, పెదవులు, కింది దవడ మెల్లగా పెద్దవవుతాయి. అరుదైన జబ్బే. పది లక్షల మందిలో 40 నుంచి 70 మందికి ఉంటుందని పాత లెక్క. ఈ మధ్య శ్రద్ధగా వెతికిన కొన్ని చోట్ల వంద దాటింది కూడా. ఖతారు జనాభా సుమారు 30 లక్షలు కనుక త్రైరాశికం వేస్తే ఒకటి రెండు వందల మంది తేలతారు. ఇక్కడి కార్మికుల్లో ఎక్కువమంది వయసులో ఉన్నవాళ్ళు కనుక ఇంకా తక్కువే అనుకుందాం.

ఇంత కొద్దిమంది కోసం ఇన్ని పేజీలు స్టెన్సిల్ కొట్టాలా అనే మిత్రులుంటారు. మా సమాధానం ఇది. ఈ జబ్బు మొదలైన దగ్గరనుంచి దానికి పేరు పెట్టేదాకా సగటున అయిదు నుంచి పదేళ్ళు పడుతుంది. ఆ పదేళ్ళలో వేళ్ళతోబాటు గుండె కూడా పెరుగుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది వేళ్ళు కాదు, గుండె. పోతే, ఈ జబ్బు లక్షణాలన్నిటికీ సనయ్యలో ముందే తయారుగా ఒక సాకు ఉంటుంది. అందుకని అక్కడ అది ఇంకా ఆలస్యంగా బయటపడే ప్రమాదం ఉంది.

ముందు గ్రంథి సంగతి చెప్పుకుందాం. కనుబొమల మధ్యనుంచి వేలు నేరుగా లోపలికి పోనిస్తే, మెదడు అడుగున చిన్న ఎముక గుంట తగులుతుంది. శరీర నిర్మాణం రాసిన పాతకాలపు వాళ్ళు దానికి 'టర్కీ జీను' అని పేరు పెట్టారు, గుర్రం మీద వేసే జీనులా వంపు తిరిగి ఉంటుంది కనుక. ఆ జీను మీద బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి కూర్చుని ఉంటుంది. బరువు ఒక గ్రాము కూడా ఉండదు. అది స్రవించే వాటిలో పెరుగుదల హార్మోను ఒకటి. ఇది రోజంతా ధారగా రాదు, ఉండుండి చిమ్ముతుంది. గాఢనిద్రలో మరీ ఎక్కువ. రక్తంలో కలిసి కాలేయానికి చేరి, అక్కడ ఐ.జి.ఎఫ్.-1 అనే మరో పదార్థాన్ని తయారు చేయిస్తుంది. పెంచే పని చాలావరకు ఈ రెండోదే చూసుకుంటుంది.

ఆ గ్రంథిలో చిన్న కంతి పుట్టిందనుకోండి. నూటికి తొంభైతొమ్మిది వంతులు అది క్యాన్సరు కాదు, ఊరికే ఉండే కంతి. కానీ పనిమాత్రం మానదు. ఆపమని చెప్పే కబురు దానికి అందదు, అందినా వినదు. ఎముకల చివర్లు అతుక్కోకముందు, అంటే చిన్నతనంలో, ఇది వస్తే మనిషి తాటిచెట్టంత అవుతాడు. అతుక్కున్నాక వస్తే పొడవు పెరగడు, వెడల్పవుతాడు.

ఇక సాకుల సంగతి. ఈ జబ్బుకి మొదటి లక్షణాల్లో ఒకటి విపరీతమైన చెమట. జులైలో స్ట్రీట్ 20లో నిలబడి నాకు చెమట ఎక్కువగా పడుతోందని ఎవడు చెబుతాడు? చెప్పినా ఎవరు వింటారు? రెండోది చేతివేళ్ళు తిమ్మిరెక్కటం. మణికట్టు దగ్గర నరం పోయే సందు ఇరుకై రాత్రిళ్ళు చేతులు మొద్దుబారతాయి. ఇనుప చువ్వలు వంచేవాడికీ, డ్రిల్లింగ్ మిషను పట్టేవాడికీ అది పనివల్లే అనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులకి మోసిన బరువులు కారణం. తలనొప్పికి ఎండ కారణం. అలసటకి ఓవర్‌టైము కారణం. ఉంగరం బిగుసుకుపోతే గల్ఫు తిండికి ఒళ్ళు చేశాడంటారు. ఊళ్ళో అయితే అదొక ప్రశంస కూడా!

మా బోటి వాళ్ళం శుక్రవారాలు అక్కడికి వెళ్ళి బి.పి. చూస్తుంటాం. నలభై దాటిన ఒకాయన కూర్చుంటాడు. "అన్నా, గోలీలు ఏసుకుంటున్నవా?" "ఏసుకుంటున్న సార్, రెండు రకాలిచ్చిండ్రు. తగ్గుతలేదు." ఇలాంటి మాట వారానికి ఒకటి రెండుసార్లు వింటాం. అలా చెప్పినవాళ్ళలో అత్యధికులకు ఉన్నది మామూలు రక్తపోటే. ఉప్పు, నిద్రలేమి, దిగులు, అప్పు దాని కారణాలు. కానీ అప్పుడొకసారి తల ఎత్తి మొహం చూడాలనీ, చేయి కలిపి పంజా ఎంతుందో గమనించాలనీ, బూట్ల సైజు మారిందా అని అడగాలనీ పెద్ద డాక్టర్లు చెబుతారు. అడగటానికి అరనిమిషం పట్టదు. బి.పి. మిషను అక్కర్లేదు.

గుండెకి ఏమవుతుందో ఇప్పుడు చూద్దాం. గుండె కండరం మీద కూడా ఈ హార్మోనుకీ, ఐ.జి.ఎఫ్.-1కీ తలుపులున్నాయి. మొదటి రోజుల్లో అవి లోపలికి పోయి గుండెని హుషారు చేస్తాయి. కొట్టుకునే బలం పెరుగుతుంది, నిమిషానికి తోడే రక్తం పెరుగుతుంది. అంచేత తొలిదశలో రోగికి ఏ బాధా ఉండదు. మంచి పుష్టిమీద ఉన్నాడని చుట్టూవాళ్ళు అనుకుంటారు. కొన్నేళ్ళు ఇలా నడిచాక గుండె గోడలు మందమవుతాయి. రెండు వైపులా, ముఖ్యంగా ఎడమవైపు కింది గదిలో. కండ పోగుల మధ్య నారలాంటి పీచు పెరిగి గోడ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన గుండె ముడుచుకోగలదు గానీ సరిగా విప్పుకోలేదు. విప్పుకోలేనిది నిండదు, నిండనిది తోడలేదు. రబ్బరు బుడ్డికి బదులు పాత టైరుతో నీళ్ళు తోడినట్టు. మెట్లెక్కితే ఆయాసం ఇక్కడ మొదలవుతుంది. అప్పటికీ పట్టించుకోకపోతే చివరికి గోడలు సాగి, గది వెడల్పై, గుండె చేతులెత్తేస్తుంది. అంతదాకా వచ్చేవాళ్ళు కొద్దిమందే. కానీ వచ్చినవాళ్ళని వెనక్కి తేవటం కష్టం.

ఇందులో ఒక విశేషం ఉంది. రక్తపోటు ఎక్కువైనా గుండె గోడలు మందమవుతాయని అందరికీ తెలుసు. ఈ జబ్బులో రక్తపోటు లేనివాళ్ళకి కూడా గోడలు మందమవుతాయి. హార్మోను తిన్నగా కండరం మీదే పనిచేస్తుందనటానికి అదే సాక్ష్యం. రక్తపోటు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది. రోగుల్లో దాదాపు మూడోవంతుమందికి, కొన్ని లెక్కల్లో ఇంకా ఎక్కువమందికి, అది ఉంటుంది. హార్మోను మూత్రపిండాల చేత ఉప్పుని పట్టి ఉంచేలా చేస్తుంది. ఉప్పు ఉన్నచోటే నీళ్ళు ఉంటాయి, రక్తం పరిమాణం పెరుగుతుంది. రక్తనాళాల లోపలి పొర కూడా మునుపటిలా సడలదు. ఇవిగాక ఇన్సులిన్ పనికి అడ్డుపడి మధుమేహం తెస్తుంది. గుండె కవాటాలు, ముఖ్యంగా బృహద్ధమని దగ్గరిదీ ఎడమ గదుల మధ్యదీ, వదులై రక్తం వెనక్కి కారుతుంది. బృహద్ధమని మొదట్లో కొంతమందికి వెడల్పవుతుంది. లయ తప్పే గుండె కొట్లాటలు కూడా ఉంటాయి. గుండెకి రక్తమిచ్చే నాళాలు మూసుకుపోవటం ఈ హార్మోను చేసే పనేనా, లేక రక్తపోటూ మధుమేహమూ కలిసి చేసే పనా అని డాక్టర్లు ఇంకా వాదించుకుంటున్నారు. రెండో పక్షానికే బలం ఎక్కువ కనిపిస్తోంది.

గురక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ జబ్బులో నాలుక లావవుతుంది, గొంతులో మెత్తని కండ పెరుగుతుంది. నిద్రలో ఊపిరి దారి మూసుకుపోయి, గురక పెట్టి పెట్టి హఠాత్తుగా నిశ్శబ్దమై, పావునిమిషం తరవాత ఉలిక్కిపడి మళ్ళీ మొదలుపెడతాడు. రోగుల్లో సగానికి మించి దీనితో బాధపడతారు. ఊపిరి ఆగినప్పుడల్లా రక్తపోటు ఎగురుతుంది, గుండె తడబడుతుంది. పగలు కునికిపాట్లు. కుంభకర్ణుడి కథలో భారీకాయం, గురక, పట్టపగలు నిద్ర మూడూ ఒకేచోట పెట్టిన మన పూర్వులకి ఏదైనా తెలిసే రాశారా అని మాకు అప్పుడప్పుడు సరదాగా అనిపిస్తుంది. అది సరే. భార్య వేల మైళ్ళ దూరంలో ఉంటే ఈ గురక వినేదెవరు? క్యాంపు గదిలో పై మంచం మీద పడుకున్న రూమ్మేటు. అతను తిట్టుకుని చెవుల్లో దూది పెట్టుకుంటాడు గానీ అదొక రోగలక్షణమని అతనికెవరూ చెప్పలేదు. మేము చెబుతున్నది అందుకే.

వైద్యచరిత్రలో ఈ జబ్బుకి పేరు పెట్టినవాడు పియేర్ మరీ అనే ఫ్రెంచి డాక్టరు, 1886లో, పారిస్‌లో, ఇద్దరు ఆడవాళ్ళని చూసి. తొమ్మిదేళ్ళకే, 1895లో, హ్యుషార్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు ఇందులో గుండె కూడా దెబ్బతింటుందని రాశాడు. అంటే గుండె సంగతి కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. 1909లో అమెరికాలో హార్వీ కుషింగ్ ఆక్రోమెగలీ రోగికి ముక్కువైపు దారిగుండా పోయి ఆపరేషన్ చేశాడు. ఆ ఏడే ఆయన లండన్‌లో భద్రపరచిన ఒక మహాకాయుడి పుర్రె చూశాడు. 1783లో 22వ ఏట చనిపోయిన చార్లెస్ బర్న్ అనే ఐరిష్ వాడిది. టర్కీ జీను చాలా వెడల్పయి ఉంది.

మనకి ఎక్కువ తెలిసిన మహాకాయులు కుస్తీవాళ్ళు. టీవీల్లో మన పిల్లలు చూసిన ఆండ్రే ది జెయంట్ ఫ్రాన్సులో పుట్టాడు, ఈ జబ్బు మనిషే. 1993 జనవరిలో తండ్రి అంత్యక్రియలకని పారిస్ వెళ్ళి, హోటలు గదిలో నిద్రలోనే పోయాడు. గుండె ఆగిపోయింది. వయసు 46. మన హిమాచల్ ప్రదేశ్ నుంచి వెళ్ళిన దలీప్ సింగ్ రాణా, జనం నోట్లో 'ఖలీ', 2012లో అమెరికాలో పిట్యూటరీ కంతికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఇద్దరి మధ్యా ఉన్న తేడాల్లో ఆ ఆపరేషన్ ఒకటి.

ఎండ సంగతికి వద్దాం. 2019లో 'కార్డియాలజీ' అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, 2009 నుంచి 2017 దాకా ఖతారులో చనిపోయిన నేపాలీ కార్మికుల లెక్కలు తీసి, వేడి నెలల్లో గుండె మరణాలు పెరుగుతున్నాయని చూపించింది. ఆ మరణాలకి కారణం ఆక్రోమెగలీ అని మేము అనటం లేదు. అలా అంటే ఎండనీ, పని గంటలనీ తప్పించి ఎక్కడో మారుమూల గ్రంథి మీద నేరం మోపినట్టవుతుంది. మేము అనేది ఇంతే. బిరుసెక్కిన గుండె నిండటానికి రక్తం పుష్కలంగా ఉండాలి. చెమటలో ఒంట్లో నీరంతా పోతే నిండేందుకు ఏమీ మిగలదు, కళ్ళు తిరుగుతాయి, పడిపోతాడు. మామూలు గుండె తట్టుకునే ఎండని ఈ గుండె తట్టుకోలేదు. 2021లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని నిషేధం. అదే ఉత్తర్వులో కార్మికులకు ఏటా వైద్యపరీక్ష జరపాలని కూడా ఉంది. మన సంఘంలో ఇంజనీర్లున్నారు, పర్సనల్ ఆఫీసర్లున్నారు, సేఫ్టీ ఆఫీసర్లున్నారు. ఆ పరీక్ష ఫారం ఎవరో ఒకరి బల్ల మీదుగానే పోతుంది.

స్టోర్‌కీపర్లు కూడా ఉన్నారు. మాకు వాళ్ళ మీదే ఎక్కువ ఆశ. సేఫ్టీ బూట్లు ఇచ్చినప్పుడల్లా రిజిస్టరులో పేరు, సైజు, సంతకం ఉంటాయి. నలభయ్యేళ్ళవాడి పాదం పెరగదు. మూడేళ్ళ కిందట 8 తీసుకున్నవాడు పోయినేడు 9 అడిగి ఈ ఏడు 10 అడిగితే, ఆ రిజిస్టరులో ఉన్నది ఒక రోగనిర్ణయం. హెల్మెట్ పట్టీ వదులు చేయమన్నా, గ్లవ్స్ పెద్దవి అడిగినా అంతే. డ్రైవర్ల విషయంలో ఇంకొకటి చూడాలి. కంతి పెరిగి కంటి నరాలు కలిసేచోట ఒత్తితే రెండు పక్కలా చూపు తగ్గుతుంది, ఎదర మాత్రం బాగానే కనిపిస్తుంది. పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. ట్రైలరు అద్దాలు పదేపదే గీరుకుంటున్నాయంటే జీతంలో కోత పెట్టేముందు కళ్ళు పరీక్ష చేయించటం మంచిది.

అనుమానం వస్తే చేసే పరీక్ష పెద్దదేమీ కాదు. హార్మోను ఉండుండి చిమ్ముతుంది కనుక దాన్ని ఒకసారి కొలిచి లాభం లేదు. నిలకడగా ఉండే ఐ.జి.ఎఫ్.-1 కొలుస్తారు. ఎక్కువ ఉంటే పరగడుపున 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటలపాటు హార్మోను చూస్తారు. మామూలు మనిషిలో తీపి తగలగానే అది దాదాపు అడుగంటుతుంది, రోగిలో తగ్గదు. ఆ తరవాత తలకి ఎం.ఆర్.ఐ., గుండెకి ఎకో. సనయ్యలోనే 2018లో హజ్మ్ మబైరీక్ జనరల్ హాస్పిటల్ తెరిచారు. రెడ్ క్రెసెంట్ వారు నడిపే కార్మికుల ఆరోగ్య కేంద్రాలున్నాయి. అక్కడినుంచి పెద్దాసుపత్రికి చీటీ రాస్తారు. గుండెకి వేరే ఆసుపత్రి 2011 నుంచి ఉంది. ఛాతీనొప్పికి మాత్రం చీటీల కోసం ఆగకూడదు, 999కి ఫోను చేయాలి.

వైద్యంలో మొదటిది ఆపరేషనే. ముక్కులోంచి వెళ్ళి కంతి తీసేస్తారు, పుర్రె కోయరు. కంతి చిన్నదైతే మంచి చేతిలో చాలామందికి దానితో సరి. మిగిలితే నెలకో ఇంజక్షను: ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ అనేవి. మెదడులోనే ఈ హార్మోనుకి కళ్ళెం వేసే పదార్థం ఒకటుందని 1973లో గీమాఁ బృందం కనిపెట్టింది. 1977లో నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకడు. ఈ మందులు దానికి నకళ్ళు. హార్మోను దిగితే గుండె గోడలు కొన్ని నెలల్లోనే పలచబడటం మొదలవుతుంది, వయసులో ఉన్నవాళ్ళకి మరీ బాగా. గురక తగ్గుతుంది, చెమట తగ్గుతుంది, బి.పి. మందులు కొన్ని మానేయవచ్చు. ఐ.జి.ఎఫ్.-1 అదుపులోకి వచ్చినవాళ్ళ ఆయుర్దాయం అందరితో సమానమవుతుందని లెక్కలు చెబుతున్నాయి. పాడైన కవాటాలు మాత్రం బాగుపడవు. పెరిగిన దవడా తగ్గదు. ఆలస్యానికి చెల్లించే వడ్డీ అది.

అసలు చిక్కు వైద్యంలో లేదు. జబ్బుందని తెలిస్తే ఇంటికి పంపించేస్తారన్న భయం ఉంది చూశారూ, అందులో ఉంది. బి.పి. టేబులు దగ్గర 'పేరు రాయకండి సార్' అనేవాళ్ళు ఉంటారు. ఊళ్ళో అప్పు తీరలేదు, చెల్లెలి పెళ్ళి ఉంది. వాళ్ళకి మేము ఉపన్యాసం ఇవ్వం. వీసా అయిపోయి వెళ్ళాల్సి వస్తే నెల నెలా ఇంజక్షను మధ్యలో తెగిపోతుంది, గుండె మళ్ళీ మొదటికొస్తుంది. కనుక కాగితాలన్నీ, ఎం.ఆర్.ఐ. డిస్కుతో సహా, వెంట తీసుకెళ్ళమంటాం. హైదరాబాదు నిమ్స్‌లోనూ, వెల్లూరు సి.ఎం.సి.లోనూ ఈ జబ్బు చూసే విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ కార్డున్న ఇంటివారు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని కలిసి అడగాలి.

ఇదంతా సనయ్య వాళ్ళ గొడవ, మన విల్లాలకి సంబంధం లేదనుకునే వారికి ఒక మాట. ఈ హార్మోను ఇప్పుడు సీసాల్లో దొరుకుతోంది. కండలు త్వరగా వస్తాయని జిమ్ముల్లో గుట్టుగా అమ్మేవాళ్ళున్నారు. క్రీడల్లో దాన్ని నిషేధించి మూడు దశాబ్దాలు దాటింది, పట్టుకునే లాబొరేటరీ దోహాలోనే ఉంది. జిమ్ముకెళ్ళే కుర్రవాళ్ళకి లాబొరేటరీ పరీక్ష ఉండదు. సూదితో ఎక్కించినా కంతి స్రవించినా గుండెకి తేడా తెలియదు. కాలేజీ నుంచి సెలవులకొచ్చిన అబ్బాయి ఫ్రిజ్‌లో కూరగాయల వెనక చిన్న సీసా దాచాడంటే అమ్మగారు ఒకసారి లేబులు చదవాలి.

చివరగా ఫొటోల సంగతి. రోజూ చూసేవాళ్ళకి మొహంలో మార్పు తెలియదు, అద్దంలో చూసుకునేవాడికి అసలు తెలియదు. రెండేళ్ళ తరవాత సెలవుకెళ్ళినప్పుడు ఇంటి గుమ్మంలో తల్లి గుర్తుపడుతుంది, 'అదేంట్రా, మొహం అలా అయింది?' అని. ఖతారు జీవితంలో ఒక సదుపాయం ఉంది, ప్రతి కాగితానికీ ఫొటో కావాలి. పాస్‌పోర్టు మీద ఒకటి, మొదటి బతాకా మీద ఒకటి, కొత్త బతాకా మీద ఒకటి. అనుమానం ఉన్నవాడు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ మూడూ జేబులో పెట్టుకెళ్ళాలి. డాక్టరు ముందు అవే అడుగుతాడు.